గుమ్మానికి వేపమండ

రమక్కకు,

నీ చెల్లెలు స్వరూప నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నేనూ బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అమ్మ వింటుంది. అందుకే ఉత్తరం. అమ్మకు మాత్రం చెప్పకు.

నాకు జ్వరం. భయపడకు, తగ్గుతోంది. నాచారంలో మా ప్యాకింగ్ కంపెనీలో సగం మందికి ఈ వైరల్ జ్వరమే. ఉప్పల్‌లో నా గది నీకు తెలుసుగా, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది, కిటికీ తీస్తే పక్కింటి గోడ. మెట్రో చప్పుడు వినిపిస్తుంది, రైలు కనిపించదు. ఎటూ పోలేను. ఓనరమ్మ ముందే హెచ్చరించింది: “జ్వరమొచ్చినోళ్లు రూం ఖాళీ జెయ్యాలె. మా ఇంట్ల ముసలాయన ఉన్నడు.”

అందుకే నోట్లో తువ్వాలు కుక్కుకుని దగ్గాను. పక్క గదిలో సరితక్క ఉంటుంది. కరోనా అప్పుడు వాళ్లాయన కూడా ఈ ఓనరమ్మకే భయపడి ఇట్లాగే దగ్గాడట. దవాఖానాకు వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. అది గుర్తొచ్చి తువ్వాలు విసిరికొట్టాను.

మన ఊళ్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కడతారు కదా. ఎవరూ లోపలికి రారు, ఎవరూ తిట్టరు, గడప బయట అంబలి పెట్టి పోతారు. కరోనా వచ్చి మాస్కు నేర్పింది, చేతులు కడగడం నేర్పింది. ఇది మాత్రం మరిచిపోయాం. నిన్న పొద్దున మాస్కు పెట్టుకుని వెళ్లి, వాకిట్లో వేపచెట్టు కొమ్మ విరిచి నా తలుపుకు కట్టాను.

ఓనరమ్మ చూసి అరిచింది. “ఏందే ఇది? ఇప్పుడే ఖాళీ జెయ్!”

సరితక్క బయటికి వచ్చింది. “జ్వరమొచ్చుడు తప్పా అమ్మా? మా ఆయన దాసిపెట్టిండు, ఏమైంది? ఈ పిల్ల జెప్పింది. ఈమెను ఎల్లగొడితే రేపు ఇంకొకరు దాస్తరు.”

ఓనరమ్మ మెట్లెక్కి పైకి పోయింది. సరితక్క నా గడప బయట జావ గిన్నె పెట్టి పోయింది. ఏడుపొచ్చిందక్కా.

ఈరోజు తలుపు సందులోంచి చూస్తే మేడ మీద ఓనరమ్మ గుమ్మానికి వేపమండ! ముసలాయనకు నాకంటే ముందే జ్వరమట, దాచిందట. సరితక్క అక్కడా జావ పెట్టి వచ్చింది.

ఇంకొన్నాళ్లు నాకు ఈ గోడే దిక్కు. నోరు చప్పగా ఉంది, ఎవరైనా పట్నం వస్తుంటే చింతకాయ తొక్కు పంపు. బావకు, పెద్దమ్మకు దండాలు.

పైన అమ్మకు చెప్పకు అని రాశాను. అది వద్దు. అమ్మ కాళ్లకు మొక్కానని చెప్పి, దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ ఉత్తరం మొదటి నుంచి చదివి వినిపించు.

మీ దీవెనలే బలంగా ఉన్న
స్వరూప