మొగలి దిబ్బ మీద కొబ్బరిచెట్టు

2003 సెప్టెంబరు, ఆదివారం రాత్రి

ఇన్నాళ్లకు ఆ దిబ్బ చూశాను.

ఏటా మా ఆయన అక్కణ్ణుంచి మొగలిపువ్వు తెచ్చి నా చీరల మడతల్లో పెట్టేవారు. "ఓపాలి రాయే, నువ్వే కోసుకుందువు," అనేవారు. పడవ తిరగబడుతుందనీ, పొదల్లో పాములుంటాయనీ నేనెప్పుడూ వెళ్లలేదు. ఆయన పోయాక పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనే. అందుకే ఈ రోజు, ఆయన్ని పడవలో తీసుకెళ్లే భావనపాడు ఎర్రయ్యను నేనే అడిగాను.

బీచికి వచ్చినవాళ్లు అలల్లో ఆడుకుని వెళ్లిపోతారు. ఏరు దాటి దిబ్బ వైపు ఎవరూ రారు. పడవలో కళ్లు మూసుకుని కూర్చున్నాను.

"కళ్లిప్పు వదినా. మొలలోతు నీళ్లే, మునగాలంటే నువ్వే తొంగోవాల!" అని ఎర్రయ్య నవ్వాడు.

దిబ్బంతా మొగలి పొదలు, తెల్లకొంగలు. మధ్యలో ఒక్కటే కొబ్బరిచెట్టు.

"ఇదెవులు పాతినారయ్యా?"

"అన్నే. మాయావిడ ఎప్పుడో వొత్తాది, ఎండకి ఓర్సుకోలేదు అని మీ తోటలోంచి మొక్క తెచ్చి పాతినాడు. నీకు సెప్పలేదేటి?"

చెప్పలేదు. చెట్టు కాపుకొచ్చింది కూడా. దాని నీడలో కూర్చున్నాను గానీ, తీరిగ్గా కూర్చుంటేనా! పోటు వస్తుందేమో, చీకటి పడుతుందేమో అని ఎర్రయ్యను తొందరపెట్టి వచ్చేశాను. పువ్వు కోయడమే మరిచిపోయాను.

ఇప్పుడు గాలి లేచింది. మా తోటలో చెట్లకు ఒకదానికొకటి అడ్డు ఉంటుంది. అక్కడ అది ఒక్కటే. కింద చూస్తే వట్టి ఇసుక. వేళ్లు లోతుకు దిగాయో లేదో చూడాల్సింది. రేపు గాలి తగ్గితే మళ్లీ తీసుకెళ్లమని ఎర్రయ్యను అడగాలి...