నాలుగు వాషర్లు

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దున మా లాంచీని ఒడ్డుకి లాగి దిమ్మల మీద నిలబెట్టారు. ఏడాదంతా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటిస్తుంది. ఏడాదికోసారి రంగు వేస్తాం. ఒళ్ళంతా చెక్క. కిటికీ ఫ్రేములూ రెయిలింగూ అల్యూమినియం. ఉప్పునీళ్ళకి అల్యూమినియం ఇనుములా ఎర్రబడదు. రంగు కింద పొక్కు లేస్తుంది. పొక్కు చిదిపితే తెల్లపొడి.

చెక్క పని మా ఆయన చేస్తారు. రెయిలింగు మాత్రం ముట్టుకోనన్నారు. నేను చేస్తానన్నాను.

ఈ డైరీ పెయింట్ షాపులో ఊరికే ఇచ్చారు. పోయినేడాదిది మామయ్య తెచ్చారు. ఏ రోజు ఏ కోటు వేశామో రాసిపెట్టమ్మా, అయిదో క్లాసు చదివావు, ఈ ఇంట్లో నువ్వే పండితురాలివి అన్నారు. ఇప్పుడు రాయమనేవాళ్ళు లేరు. అలవాటు పోలేదు.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం

అత్తయ్య వడ్డించి, నీ మొగుడికి చెప్పు, అన్నం చల్లారిపోతోందని, అన్నారు. ఆయన చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చున్నారు. నేను చెప్పాను. ఆకలి లేదని చెప్పు, అన్నారాయన. అదీ చెప్పాను. ఎనిమిది నెలలుగా ఇంతే. కొత్తగా వచ్చినప్పుడు మా కోడలు నోరు తెరిచిన రోజున వాన పడుతుందని మామయ్య ఏడిపించేవారు. ఇప్పుడు ఇంట్లో అందరి మాటలూ నా నోట్లోంచే వెళ్ళాలి. టెలిఫోన్ తీగలా ఉన్నాను. తీగకి ఏమీ అనిపించదు.

ఫిబ్రవరి 12, గురువారం

ఫ్రేములు గీకుతున్నాను. పని మామయ్యే నేర్పారు. ఇనప బ్రష్ పెట్టకూడదు, దాని రజను ఇరుక్కుని మళ్ళీ పొక్కులు లేస్తాయి. ఎమరీ పేపర్‌తో తెల్లపొడి పోయేదాకా రుద్దాలి. మంచినీళ్ళు పోసి చూడాలి. నీళ్ళు బొట్లు బొట్లుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టు. దుప్పటిలా పరుచుకుంటే శుభ్రపడినట్టు. ఆ పూటే ప్రైమర్ వెయ్యాలి, రేపటికి ఉంచకూడదు.

ఇంకోటి. స్టీలు బోల్టుకీ అల్యూమినియానికీ పడదు. రెండూ తగిలి మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే అల్యూమినియం పుచ్చిపోతుంది. అందుకని మధ్యలో నల్ల ప్లాస్టిక్ వాషర్ వేస్తారు. అత్తాకోడళ్ళ మధ్య కొడుకు లాంటిదమ్మా వాషర్, నలిగేది అదే, అనేవారు మామయ్య. అత్తయ్య గరిటె చూపించేవారు.

జూన్‌లో మామయ్య తాడు అందుకోబోయి రెయిలింగు మీద ఆనుకున్నారు. రెయిలింగు నాలుగో కాలు మొదలు దగ్గర విరిగింది. లాంచీకీ రేవు గోడకీ మధ్యన పడ్డారు.

వెల్డర్ బాబాయ్ వచ్చి పైపైన చూసి, ఇలా విరిగిందంటే వాషర్ పెట్టి ఉండరు అన్నాడు. ఆ కాళ్ళు బిగించింది మా ఆయన. ఆ పూట హడావుడిలో ఉన్నాను, పెట్టానో లేదో గుర్తు రావట్లేదమ్మా, అన్నారు. మీ నాన్నని మింగేశావు కదరా, అన్నారు అత్తయ్య. తల్లీకొడుకులు నేరుగా మాట్లాడుకోవడం అదే ఆఖరు. విరిగిన చోట గోనెపట్టా చుట్టి తాడు కట్టేశారు. ఎవరూ విప్పి చూడలేదు.

నాకు అప్పుడు ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు.

ఫిబ్రవరి 14

ఎనిమిది ఫ్రేములకి ప్రైమర్ అయింది.

ఫిబ్రవరి 16, సోమవారం

రంగు పని అయిపోగానే, వచ్చే సోమవారం, వెళ్ళిపోతానన్నారు ఆయన. దూరంగా ఎక్కడో గోడౌన్‌లో పని చూసుకున్నారట. లాంచీని వెల్డర్ బాబాయ్ బావమరిది నడుపుతాడట. ఈ చేతులు బిగించిన దాని మీద జనం ఎలా ఆనుకుంటారు, అన్నారు. నన్ను తర్వాత తీసుకెళ్తానన్నారు. ఎప్పుడని నేను అడగలేదు.

అత్తయ్యకి చెప్పాను. పొమ్మను, అన్నారు. బియ్యం ఏరుతూనే ఉన్నారు. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరారు.

ఫిబ్రవరి 17, మంగళవారం

నాలుగో కాలి గోనెపట్టా విప్పాను. కాలు లేదు. అడుగున ఉండే పళ్ళెం ఒకటే డెక్కుకి బిగించి ఉంది. నాలుగు బోల్టులు. ఒక్కొక్కటీ తీశాను.

వాషర్లు ఉన్నాయి. నాలుగింటికీ ఉన్నాయి. ఆయన పెట్టారు.

పళ్ళెం ఎత్తితే అడుగంతా పిండి. పైన మాత్రం రంగు అలాగే ఉంది, పగుల్లేదు, నున్నగా. వేలితో నొక్కాను. గుడ్డు పెంకులా లోపలికి పోయింది. రంగు తప్ప అక్కడ ఏమీ లేదు.

ఆ రంగు నేను వేసింది.

వాషర్లు ఖాళీ అగ్గిపెట్టెలో వేశాను.

ఫిబ్రవరి 18

పోయినేడాది డైరీ తీసి చూశాను. రెయిలింగుకి రంగు వేసిన తారీఖున ఇలా ఉంది: రెయిలింగు రెండో కోటు అయింది. బాగా వచ్చింది.

రాయనిది ఇప్పుడు రాస్తాను. నాలుగో కాలి మొదట్లో మినపగింజంత పొక్కు కనిపించింది. అప్పటికే ఆయన బిగించేశారు. విప్పి, తిరగేసి గీకితే గానీ అది పోదు. ఆ సంగతి నాకు తెలుసు. మామయ్య, ఆయన, వెల్డర్ బాబాయ్, ఇంకెవరో ఇద్దరు మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ నవ్వుకుంటున్నారు. అంతమంది మగవాళ్ళ మధ్యకి వెళ్ళి, బిగించింది మళ్ళీ విప్పండి అనాలి. బ్రష్ పట్టుకుని రెండడుగులు వేశాను. అందరూ నా వైపు చూశారు. వెనక్కి వచ్చి పొక్కు మీద రంగు వేసేశాను. అక్కడ కాస్త మందంగా వేశాను.

సాయంత్రం మామయ్య వచ్చి ఆ కాలినే చేత్తో నిమిరి, చూడండ్రా, అద్దంలా వేసింది మా పిల్ల, అన్నారు.

ఫిబ్రవరి 19

అగ్గిపెట్టె నీళ్ళలోకి విసిరితే ఎవరికీ తెలియదు. రేవు దాకా వెళ్ళాను. తిరిగి వచ్చాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం, మధ్యాహ్నం

అత్తయ్య వడ్డిస్తూ, నీ మొగుడికి చెప్పు, వెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్న రెయిన్‌కోటు తీసుకెళ్ళమని, అన్నారు. నేను చెప్పలేదు. మళ్ళీ అన్నారు. ఏమే, చెవుడా, అన్నారు.

అగ్గిపెట్టె తెచ్చి ఆయన ప్లేటు పక్కన వాషర్లు పెట్టాను. నాలుగూ ఉన్నాయి, మీరు పెట్టారు, అన్నాను. పొక్కు సంగతి చెప్పాను. టీ సంగతి చెప్పాను. ఇంత సేపు నేనెప్పుడూ మాట్లాడలేదు. నా గొంతు వేరే గదిలోంచి వస్తున్నట్టు ఉంది.

ఆయన ఒక్కో వాషరూ ఎత్తి, వేలితో తిప్పి, మళ్ళీ పెట్టారు.

అత్తయ్య, మరి ఎవరికీ చెప్పలేదేం, అని అడిగారు. సిగ్గేసింది, అన్నాను. సిగ్గేసిందట, అన్నారు అత్తయ్య. నాతో కాదు, ఆయనతో కాదు. గోడతో అన్నట్టు.

తర్వాత అత్తయ్యే ఆయన ప్లేటు లాగి, ఒరేయ్, ఇది చల్లారిపోయింది, వేరే పెడతానుండు, అన్నారు. ఆయన మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చారు. అత్తయ్య గరిటె కింద పెట్టి వీపు మీద చెయ్యి వేశారు.

నేను వాషర్లు అగ్గిపెట్టెలో వేసి, గిన్నెలు తీసి కడిగాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆయన రేపు వెళ్ళట్లేదు. కొత్త కాలు తెచ్చారు. గీకాను. కడిగాను. నీళ్ళు దుప్పటిలా పరుచుకున్నాయి. ప్రైమర్ వేశాను.

అత్తయ్య వచ్చి నా పక్కనే నిలబడ్డారు. లాంచీ మీదున్న ఆయన వైపు తలెత్తి, ఒరేయ్, నీ పెళ్ళానికి చెప్పు, అది ఆరిందేమో చూడమని, అన్నారు.

ఆయన చెప్పారు.

వేలు పెట్టి చూశాను. ఆరింది.