హెల్మి అత్త ముట్టని చేపలు

తాలిన్, మంగళవారం

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఓడెక్కి వచ్చే బస్సు డ్రైవరుకిచ్చి పంపిన పొగబెట్టిన చేపలు శుక్రవారమే అందాయి. హెల్మి అత్తకు మాత్రం నిన్నగాని ఇవ్వలేదు. నాన్న అంత్యక్రియల నాటి నుంచి, పదకొండేళ్లుగా, మీ ఇద్దరికీ మాటల్లేవు కదా. నీ పేరు చెబితే మొహాన కొడుతుందేమోనని తటపటాయించాను. తప్పే చేశాను. మన దీవి కబుర్ల కోసం అత్త ప్రతి శుక్రవారం బస్టాండుకు వెళ్తుందట, చేపల సంగతి డ్రైవరు ఆరోజే చెప్పేశాడట.

"చేప సముద్రం దాటి ఒక్క పూటలో వచ్చింది. రేవు పక్కనున్న నా ఇంటికి నాలుగు వీధులు నడవడానికి నీకు మూడు రోజులా తల్లీ? రోజూ దుంపలుడకబెట్టి ఒక్కదాన్నే తిన్నాను" అంది. చేపలు ముట్టలేదు. "వదినొచ్చాక చూద్దాంలే" అని ఫ్రీజరులో పెట్టింది.

మన దుంపలు తవ్వడం అయిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? నాన్న సమాధి చుట్టూ ఇసుకను నా బదులు కూడా ఒకసారి దంతెతో సాపు చెయ్యి. నా ఉన్ని చేతితొడుగులు డ్రైవరుకివ్వకు, ఈ శుక్రవారం బస్సెక్కి నువ్వే తీసుకురా. ఓడలో చలి, శాలువా మరవకు. శుక్రవారం బస్టాండులో అత్తా నేనూ గంట ముందే ఉంటాం.

నీ పిరెత్