గుడ్లగూబ బొమ్మ కింది సినిమాలు

ఏమండీ,

మీకు నమస్కరించి రాస్తున్నాను. ఆ సొరంగం పనిలో మీ ఒళ్ళు జాగ్రత్తగా ఉందనీ, వేళకి ఇంత తింటున్నారనీ తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నాం అని రాయబోయి చెయ్యి ఆపాను. అందరం అంటే ఇప్పుడు నేనూ చిన్నదీ. తింటున్నాం, తిరుగుతున్నాం. దాన్నే బాగుండడం అనుకోండి.

లాండ్రీలో తిండి వేళప్పుడు ఇస్త్రీ బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఇంట్లో రాయడానికి వీల్లేదు. ఉన్నది ఒక్క గది, చిన్నది భుజం మీదుగా తొంగి చూస్తుంది. ఫోనులో చెబుదామన్నా పగలు సొరంగంలో మీకు అందదు, రాత్రయితే దాని చెవి పక్కనే ఉంటుంది. ఐదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

చిన్నది బడికి వెళ్తోందా అని అడిగారు. వెళ్తోంది. మార్కులు కూడా బాగానే వస్తున్నాయి. దాని టీచరు నన్ను పిలిచి, మీ అమ్మాయి ఈ మధ్య చాలా నెమ్మదస్తురాలైందండీ అని మెచ్చుకుంది. నాకు మాత్రం ఆ మెప్పు మింగుడు పడలేదు. మన చిన్నదీ, నెమ్మదీనా?

వారం వారం సినిమా అద్దెకి తీసుకున్నట్టు మీ ఫోనుకి కబురు వస్తోందని రాశారు. ఎవరు చూస్తున్నారు, టీవీకి తగిలించిన ఆ సినిమాల పెట్టె పీకి అవతల పెట్టమన్నాను కదా అని కోప్పడ్డారు. మీరు చెప్పగానే పీకి బీరువాలో పెట్టాను. రెండు రోజులు పిల్ల ముద్ద ముట్టలేదు. మూడోనాడు నేనే మళ్ళీ తగిలించాను.

పెట్టె తెరిస్తే నాలుగు బొమ్మలు వస్తాయి కదా. మీది లారీ, నాది పువ్వు, చిన్నదానిది పిల్లి, పెద్దాడిది గుడ్లగూబ. మీ ఫోనులో కూడా అవే పెట్టి పంపాడు, అక్కడ నాన్నకి పొద్దుపోదని. మీరు పది నిమిషాలు చూసి గురక పెడతారని తెలిసి కూడా. వాడు పోయేనాటికి గుడ్లగూబ కింద తర్వాత చూద్దామని దాచుకున్న సినిమాలు పదకొండు. చిన్నది వాటిని వరస తప్పకుండా చూస్తోంది. శనివారం ఒకటి అద్దెకి తీసుకుని, వాడు నేర్పినట్టే పూర్తిగా పెట్టెలోకి దింపి ఉంచుతుంది. మేడ పిట్టగోడ మీదుగా వచ్చే మన నెట్టు వైరు సంగతి తెలుసుగా, ముందే దింపకపోతే మధ్యలో ఆగిపోయి తెర మీద సున్నా తిరుగుతూ ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కిటికీ మూసి, నేల మీద రెండు దిండ్లు వేస్తుంది. ఒకటే దానిది.

ఇంతవరకే అయితే ఊరుకునేదాన్ని. వరసలో రెండే మిగిలిన రోజున అన్నం కలుపుతూ అంది, "ఇవి అయిపోతే అన్నయ్య కూడా అయిపోతాడమ్మా."

మర్నాడు అది బడికి వెళ్ళాక రిమోటు పట్టుకుని కూర్చున్నాను. నేను కూడబలుక్కుని పేరు చదివేలోపు సినిమా అయిపోతుందని వాడు ఏడిపించేవాడు కదా. అందుకని పేర్ల జోలికి పోలేదు. నవ్వు మొహాలున్న బొమ్మ ఒకటి ఏరి, వాడి గుడ్లగూబ కింద చేర్చాను. ఇంకో వారం పిల్ల తింటుంది, అంతే అనుకున్నాను.

సాయంత్రం చూసుకుని అరవలేదు, గెంతలేదు. మెల్లిగా నా దగ్గరికి వచ్చి, "అన్నయ్య ఇంకోటి పెట్టాడు" అంది. ఆ పూట కడుపు నిండా తింది. కాదే, నేనే పెట్టానని చెప్పాల్సింది, ఇంకాస్త అన్నం వడ్డించాను. అప్పటినుంచి అలా ఐదు పెట్టాను. ఇప్పుడది పెట్టెతో మాట్లాడుతోంది. బడినుంచి రాగానే దాని ముందు కూర్చుని ఆ రోజు కబుర్లన్నీ చెబుతుంది. మధ్యలో ఆగుతుంది, అవతలి మాట వింటున్నట్టు. తల ఊపుతుంది.

పోయిన వారం గాలి ఎక్కువగా ఉండి, శనివారం సినిమా సగమే దిగింది. ఆదివారం చూస్తుండగా ఆగి సున్నా తిరిగింది. చిన్నది దిండు మీదనుంచి లేచి, చెప్పులు వేసుకుని తలుపు దగ్గరికి నడిచింది. ఎక్కడికే అన్నాను.

"పైకి. అన్నయ్య వైరు సరిచేస్తున్నాడు. ఒక్కడే ఎంతసేపని పట్టుకుంటాడు?"

చెయ్యి పట్టుకున్నాను. మేడ తలుపుకి తాళం వేశాననీ, తాళంచెవి నా కొంగున ఉందనీ దానికీ తెలుసు. పెనుగులాడలేదు. అంతలో సున్నా దానంతటదే పోయి సినిమా కదిలింది. అది నా మొహం చూసి నవ్వింది. చూశావా అన్నట్టు.

ఆ నవ్వు చూశాక మీ మూడో ప్రశ్నకి జవాబు దాచి లాభం లేదనుకున్నాను. ఆ వానలో పిట్టగోడ మీదికి వాడెందుకు ఎక్కాడని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నారు. వాడి దుడుకు అని అందరూ అన్నారు, నేనూ తలూపాను. దుడుకు వాడిది కాదండీ. నేను పంపాను. ఆ రోజు నాకోసమే ఒక సినిమా అద్దెకి తీసుకున్నాడు. దింపి ఉంచుతాను, సాయంత్రం చూద్దాం అన్నాడు. సెలవు దొరికిందే ఒక్క పూట, ఇప్పుడే పెట్టమన్నాను. సగంలో ఆగింది. "కూర్చుని చూస్తావేంరా, పోయి వైరు చూడు" అన్నాను. వాన పడుతోందమ్మా అన్నాడు. నువ్వేం బెల్లం ముక్కవా కరిగిపోవడానికి అన్నాను. వాడితో నేనన్న ఆఖరి మాట అదే.

కాసేపటికి సినిమా కదిలింది. వైరు బిగించాడు, బంగారు కొండ అనుకున్నాను. కదిలేసరికే వాడు కింద ఉన్నాడు. టీవీ గొంతులో కింది కేకలు నాకు వినపడలేదు. నాలుగో అంతస్తు వాళ్ళు తలుపు బాదేదాకా, పది నిమిషాలు, నేను కాళ్ళు చాపుకుని సినిమా చూశాను.

ఇదీ సంగతి. చంపుకుంటారో, ఏలుకుంటారో మీ ఇష్టం. కానీ ఆ తీర్పు తర్వాత. ముందు చిన్నదాని సంగతి చూడండి.

నిన్న వాచ్‌మన్ చెప్పాడు, మేడ తలుపుకి రెండో తాళంచెవి ఉందా అని అడిగి వెళ్ళిందట. ఆ చెవి కూడా తెచ్చి కొంగుకి కట్టుకున్నాను. అయినా ఆ గొళ్ళెం పాతది, గట్టిగా తోస్తే మేకులు కదులుతాయి. నిప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టుంది నా బతుకు.

ఇంకొకటి. దీనికోసమే ఇవాళ కాగితం పట్టింది. నిన్న పెట్టె తెరిస్తే గుడ్లగూబ కింద కొత్త సినిమా ఉంది. అద్దెకి తీసుకోవడమూ అయింది, దింపడమూ అయింది. నేను పెట్టింది కాదు. నేను నవ్వు మొహాలే ఏరతాను. ఈ బొమ్మలో మనిషే లేడు. పైకి పోయే మెట్లు, చివర తెరిచి ఉన్న తలుపు, అవతల తెల్లటి ఆకాశం. చిన్నదాన్ని అడిగాను. "నేను కాదమ్మా" అంది. అది అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి, మీకు తెలుసు. ఎర్రబడలేదు. "ఆదివారం ఇదే చూడాలి. ఇదే ఆఖరుదని చెప్పాడు" అంది.

ఆదివారం అది దిండు వేయకముందే నిజం చెప్పేస్తాను. నేను పెట్టినవీ, నేను పంపిందీ, రెండూ. చెప్పాక అది ఎటు పరిగెడుతుందో తెలియదు. తలుపు దగ్గర ఒకరూ, దాని దగ్గర ఒకరూ ఉండాలి. నేనొక్కదాన్నే ఉన్నాను.

ఈ ఉత్తరం మీ సరుకుల బండి డ్రైవరు చేతికిస్తున్నాను. రేపు శుక్రవారం సాయంత్రానికి మీకు అందుతుంది. ఆ సినిమా పెట్టింది మీరైతే నేనేమీ అనను. మీ ఫోనులోనూ గుడ్లగూబ ఉంది కదా, నేను చేసిందే మీరూ చేసి ఉంటారు. వచ్చెయ్యండి, ఇద్దరం కలిసి దానికి చెబుదాం.

మీరు కాకపోతే, ఈ కాగితం మడిచేదాకా కూడా ఆగకండి.

ఇట్లు,
మీ ఇద్దరు పిల్లల తల్లి