పోస్టు చెయ్యని జవాబు

సిరిసిల్ల,
ఎండాకాలం, 1985

బావా,

భివండిల పరాయి సాంచెల మీద, కరెంటు మగ్గాల మీద నిలవడ్డ నీకు ఈ మాట రాయాలంటె చెయ్యాడుతలేదు.

నాలుగేండ్ల కింద మన సొసైటీ బట్ట కావాలని ఫ్రాన్సు నుంచి ఉత్తరమచ్చింది గదా. వాళ్ల భాషల రాసి, ఎనుక ఇంగ్లీషు నకలు గూడ పెట్టిండ్రు. నీ బిడ్డ సులోచన ఇంగ్లీషుల జవాబు రాసి, నువ్వు నేసిన గుడ్డముక్క దానికి కుట్టి, "పోస్టు చెయ్యి మామా" అని ఇచ్చింది. నేను సెక్రటరీని. వాళ్లు తమ భాష ఇడువనప్పుడు మనమెందుకు ఇడవాలె అని మీటింగుల చప్పట్లు కొట్టిచ్చుకున్న. పిల్ల రాసింది గూడ కలిపి పంపిన్నని మీకు చెప్పి, దాన్ని దాచి, తెలుగుల రాసిందే పంపిన. మళ్ల ఉలుకు లేదు, పలుకు లేదు. మన బట్ట వాళ్లకు నచ్చలేదని మీకు అబద్ధం చెప్పిన. మగ్గాలు ఆగినయి, నువ్వు ఊరిడిసినవు.

మొన్న నక్సలైటు అన్నల కాయితాలున్నయేమోనని పోలీసులు నా సందుగ పెట్టె ఎతికిండ్రు. గా జవాబు దొరికింది. ఎస్సై అందరి ముందట చదివి, "బాగానే రాశారు కదా, ఎందుకు పంపలేదు?" అన్నడు. అక్క గడపల నిలవడి ఇన్నది. గుడ్డముక్క ఊడదీసుకొని పోయింది.

అన్నల కాయితమే దొరికితే బాగుండు బావా. జైలుకు పోయి మొఖం దాసుకుందును.

నీ బామ్మర్ది