పడవలో అల్లం టీ

ఆదివారం రాత్రి, హౌగాంగ్

శ్రీధర్ నిద్రపోయాడు. నాకు మాత్రం ఆ నీళ్ళ చలి ఇంకా వదల్లేదు.

దక్షిణ దీవుల దగ్గర మునిగిన ఆ పాత ఓడని డైవింగ్ చేసి చూడటం ఇద్దరికీ ఇదే మొదలు. అలా అన్నది తనే. లోతు పెద్దగా లేదు కానీ నీళ్ళన్నీ బురద. చెయ్యి చాపితే నా వేళ్ళే నాకు కనబడలేదు. అలాంటిచోట శ్రీధర్ నా చెయ్యి పట్టుకుని, ఎక్కడా తడుముకోకుండా, ఓడ పక్క రేకు చిరిగిన సందు దగ్గరికి తిన్నగా తీసుకెళ్ళాడు. లోపలికి టార్చి వేసి చేపల గుంపుని చూపించాడు.

పడవెక్కాక అడిగాను. "ఆ సందు అక్కడుందని నీకెలా తెలుసు?"

"తెలియడమేంటి, లక్కు!" అన్నాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. ఎంతసేపు తుడుచుకున్నాడో.

ఇంతలో పడవ నడిపే అంకుల్ టీ తెచ్చాడు. శ్రీధర్‌కి అడక్కుండానే చక్కెర లేనిది ఇచ్చాడు. నేనింకా జుట్టూ చెవులూ కప్పేసిన డైవింగ్ హుడ్ తియ్యలేదు. నా చేతిలో ఇంకో కప్పు పెట్టి, "యువర్ జింజర్ టీ. సేమ్ లైక్ లాస్ట్ టైమ్, ఆ?" అన్నాడు.

నేను ఆ పడవ ఎక్కింది ఇవాళే. అంకుల్ పొరబడ్డాడేమో, రోజూ ఎంతమందిని చూస్తాడో పాపం.

కానీ పెళ్ళయినప్పటి నుంచీ, ఎవరింటికెళ్ళినా, నాకంటే ముందు "తనకి అల్లం పడదండీ" అని చెప్పేది శ్రీధరే. ఇవాళ ఆ కప్పు చల్లారిపోయేదాకా తనవైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ మాట అంకుల్‌తో అనకుండా శ్రీధర్ తన టీ తాగుతూ కూర్చున్నాడు.