త్రోవర్ కంపెనీ పుట్టిన పొయ్యిరాయి

మార్ల్‌ఫోర్డ్, సఫోక్
9 ఆగస్టు 1887

అక్క కెజియాకు, తమ్ముడు ఓబద్యా టోపీ తీసి, నడుం వంచి రాయునది.

ఇందుమూలముగా సఫోక్ జిల్లా యావన్మంది ప్రజలకు చాటించునది ఏమనగా, నీ ముసలి పిల్లి క్షేమం. పాస్టరుగారి కట్టుడు పళ్ళు మాత్రం మొన్న ప్రార్థన మధ్యలో జారి కింద పడ్డాయి. దేవుడు రాణిగారిని కాపాడుగాక.

ఇక అసలు సంగతి. నువ్వు నార్విచ్‌కి కూతురి పురిటికి వెళ్ళగానే త్రోవర్ కంపెనీ వాళ్ళు నీ తలుపుకి, కంపెనీ ఇల్లేగా, ఖాళీ చెయ్యమని నోటీసు అంటించారు. కంపెనీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయట, యంత్రాలు నిలబెట్టి చూపించడానికి షెడ్డు కావాలట, నీ ఇల్లు అడ్డమట. వాళ్ళ కొలిమిలో ఇనుము పోసిపోసి, ఆ పొగకే పోయాడు బావ. ఆయన భార్యవి నువ్వు ఎక్కడ తల దాచుకోవాలో అందులో లేదు.

ఆ వంశం ఘనత నీకు తెలియనిదా? తాత జేబెజ్ పక్కూరి కమ్మరి నాగలికి అచ్చు దింపి తన పేరు పోయించాడు. కొడుకు నూర్పిడి యంత్రం కట్టాడు. అది గింజల్ని పొట్టులోకి, పొట్టుని గోనెలోకి తోసేది. ప్రదర్శనలో పోటీకి ముగ్గురే వస్తే మూడో పతకం కొట్టాడు. ఆ పతకాన్ని ప్రతి యంత్రం పక్కపలక మీదా బండిచక్రమంత వేయించారు. ఆ రంగులు వేసేది నేనే కదా, 'మూడో' అన్న మాట మాత్రం రాయనివ్వలేదు. ఇక మనవడు సెప్టిమస్! గడ్డి కోసే యంత్రంలో గడ్డి ఎటు పెడతారో ఇప్పటికీ ఎరగడు.

ఆ మహానుభావుడు నా రంగుల షెడ్డుకొచ్చాడు. ఏమోయ్ లార్టర్, మీ నాన్న మా తాతగారి దగ్గరే పనిచేశాడు కదా, ఆయన మొదటి కర్రు ఎక్కడ సాగగొట్టారో ఎప్పుడైనా చెప్పాడా, పక్క కంపెనీ వాళ్ళు వాళ్ళ తాత సుత్తిని అద్దాలపెట్టెలో పెట్టుకున్నారు, మనకేమో ఒక్క మేకైనా లేదు అని వాపోయాడు.

చెప్పకేమండీ అన్నాను. మా అక్క వంటింట్లోనే, కర్రు పెట్టి కొట్టిన దాగలి ఆనించిన గుంట పొయ్యిరాయిలో ఇంకా ఉందండీ అన్నాను.

పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తెల్ల ప్యాంటుతోనే నీ బూడిదలో మోకరిల్లి ఆ గుంటలో వేలు పెట్టాడు. ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. ఫోర్‌మన్ డాడ్ ఊరుకుంటాడా? ఏరా ఓబద్యా, ఈ అగ్గిపెట్టెలో దాగలి పెడితే మనిషెక్కడ నిలబడ్డాడ్రా అని గోకాడు. దొరగారి పొట్ట వైపు చూస్తూ, అప్పట్లో త్రోవర్లు సన్నగా ఉండేవారులే అన్నాను. అవునవును అని దొరగారే తలూపారు!

ఇల్లు కూల్చరు అక్కా. బతికినంతకాలం నువ్వే దానికి కావలి అని, కంపెనీ విందులో, బీరు గ్లాసు ఎత్తి, అందరి ముందూ ప్రకటించాడు. నెమ్మదిగా రా. పసిదానికి నా ముద్దులు.

నీ అల్లరి తమ్ముడు,
ఓబద్యా లార్టర్

తా.క. నాన్న నాకేమీ చెప్పలేదు. జేబెజ్ నీ గడప తొక్కనే లేదు. ఆ కథంతా చేతిలో కుంచె పట్టుకుని అప్పటికప్పుడు అల్లినదే. ఆ గుంట సంగతి నీకు తెలుసు: క్రిస్మస్‌కి బావ అక్రోటు కాయలు పగలగొట్టిన చోటు. బంగారంలాంటి రాయి చెడగొట్టాడని ఆయన్ని ఎన్ని మాటలన్నావు! ఇప్పుడు దాని చుట్టూ ఇత్తడి కంచె వేశారు. దుమ్ము తుడిచేటప్పుడు ఎవరైనా ఉంటే నవ్వకు. ఎవరూ లేకపోతే, ఏడవకు.